మీకు తెలుసా? కక్కూసుకు ఇండోనేషియాలో చుట్టముంది!

ఇండోనేషియా భాషలో మరుగుదొడ్డికి ఉన్న పేర్లలో ఒకటి ‘కకుస్’. వినగానే మన పాతకాలం ‘కక్కూసు’ గుర్తొస్తుంది కదూ! కాకతాళీయం కాదు. రెండింటికీ మూలం డచ్చి వారి ‘కాక్‌హౌస్’ అనే మాటేనంటారు. ‘కాక్’ అంటే మలం, ‘హౌస్’ అంటే ఇల్లు. డచ్చి వాళ్లకిది మోటు మాటే. పలుకుబడిలో నడుమనున్న ‘హ’ జారిపోయి ‘కకుస్’ మిగిలింది.

1602లో పుట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీ 1619లో బటావియాను, అంటే నేటి జకార్తాను, తన ప్రధాన స్థావరం చేసుకుంది. అంతకుముందే మన మచిలీపట్నంలో, పులికాట్‌లో దిగి బట్టల వ్యాపారం మొదలుపెట్టింది. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు ఇక్కడ ఓడెక్కి అక్కడ దిగేవి. వాటికి బదులుగా మిరియాలు, జాజికాయ, లవంగాలు కంపెనీ గోదాముల్లో చేరేవి. సరుకుతోపాటు మాటలూ తీరాలు దాటాయి. తమిళంలోనూ ఈ మాట ‘కక్కూస్’, సింహళంలో ‘కక్కుస్సియ’.

ఇండోనేషియా వాళ్లు ఇప్పుడు నలుగురిలో ‘కకుస్’ అనడం తక్కువే. ‘టాయ్‌లెట్’ అనో, మర్యాదగా ‘కమర్ కెచిల్’ (చిన్న గది) అనో అంటారు. తమాషా ఏమిటంటే, ఆ ‘కమర్’ కూడా డచ్చి మాటే! ఇంగ్లిషు అక్షరాల్లో రాసే ‘డబ్ల్యూసీ’ని వాళ్లు ‘వే-సే’ అని చదువుతారు. అదీ డచ్చి పలుకుబడే.