ఇంటి పన్ను రసీదులో ఊరి లైబ్రరీ

ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడుకున్న సంగతుల్ని, డ్యూటీలో ఉండి వినలేకపోయినవాళ్ల కోసం ఇక్కడ రాసి పెడుతున్నాం. విషయం ఊళ్లో గ్రంథాలయం. "మేం ఇక్కడ క్యాంపులో ఉన్నాం, ఊళ్లో లైబ్రరీతో మాకేం పని?" అనిపించొచ్చు. పని ఉంది. దానికయ్యే ఖర్చులో కొంత మీరు పంపే డబ్బులోంచే పోతోంది.

ముందు డబ్బు లెక్క

పంచాయతీవాళ్లు ఇచ్చిన ఇంటి పన్ను రసీదుని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమని ఇంట్లోవాళ్లకి చెప్పండి. ఇంటి పన్ను, నీటి పన్ను, లైట్ల పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను అనో, లైబ్రరీ సెస్ అనో ఒక గడి మామూలుగా ఉంటుంది. ఇంటి పన్నులో ప్రతి రూపాయికీ 8 పైసలు దీనికి కడతాం. పన్ను 1,000 రూపాయలైతే సెస్ 80 రూపాయలు. చూడ్డానికి చిన్న మొత్తమే. కానీ 500 ఇళ్ల ఊళ్లో ఇంటికి 1,000 చొప్పున పన్ను పడిందనుకోండి, ఏడాదికి 40,000 రూపాయలవుతుంది.

ఇది 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం పెట్టిన ఏర్పాటు. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలోనూ అదే పద్ధతి నడుస్తోంది. పంచాయతీ, మున్సిపాలిటీ వసూలు చేసిన సెస్‌ని జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చెయ్యాలి. ఆ సంస్థ శాఖా గ్రంథాలయాలకీ, గ్రామీణ గ్రంథాలయాలకీ పుస్తకాలు, పేపర్లు అందించాలి. చిక్కల్లా ఇక్కడే వస్తుంది. జనం దగ్గర వసూలైన సెస్ సంస్థకి చేరకుండా బకాయి పడటం రెండు రాష్ట్రాల్లోనూ ఎప్పట్నుంచో ఉన్న జబ్బు. డబ్బు అందకపోతే కొత్త పుస్తకాలు రావు, పేపర్లు తగ్గుతాయి, చివరికి తలుపు తీసే మనిషి కూడా ఉండడు.

ఇది ఎవరో దయతో ఇచ్చింది కాదు

మన దగ్గర లైబ్రరీలు సర్కారు కంటే ముందు జనం పెట్టుకున్నవే. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం 1901లో మొదలైంది. నిజాం పాలనలో తెలుగు చదువుకి చోటు దొరకని రోజుల్లో తెలుగువాళ్లు కూడుకోడానికి అదొక నీడ అయింది. అటు కోస్తాలో 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిగి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. దాని వెనక నడుం కట్టి తిరిగిన అయ్యంకి వెంకటరమణయ్యని గ్రంథాలయ పితామహుడని పిలుస్తారు. గుంటూరు జిల్లా పెదపాలెంకి చెందిన పాతూరి నాగభూషణం అయితే 1935లో పుస్తకాల్ని పడవకెక్కించి కృష్ణా కాలువ మీద ప్రయాణికులకి చదివించారు. పుస్తకం దగ్గరికి మనిషి రాలేకపోతే మనిషి దగ్గరికే పుస్తకం పోవాలన్నది వాళ్ల లెక్క.

ఇంట్లోవాళ్లకి ఏం ఉపయోగం?

ఇంటికి ఇంటర్నెట్ వచ్చాక లైబ్రరీ ఎందుకని అడుగుతారు. మీరు పంపిన ఫోన్ ఇంట్లో ఒకటే ఉంటే, ముగ్గురు పిల్లలు దాని కోసం కొట్టుకుంటుంటే జవాబు మీకే తెలుస్తుంది. గ్రూప్స్‌కీ, కానిస్టేబుల్ ఉద్యోగానికీ చదివే పిల్లలకి కావాల్సింది కూర్చోడానికి బల్ల, ఫ్యాను, నిశ్శబ్దం, రోజూ పేపరు. కోచింగ్ కోసం హైదరాబాద్‌లో గది అద్దెకి పంపే డబ్బులో కొన్ని నెలలదైనా ఇక్కడ మిగులుతుంది. పెద్దాయనకి పొద్దున పేపరు చదవడానికి ఒక చోటు దొరుకుతుంది. కొడుకు దూరంగా ఉన్న ఇంట్లో అదేమీ చిన్న సంగతి కాదు.

మనకి నేరుగా తగిలే సంగతి ఇంకోటి ఉంది. పది పాస్ కానివాళ్లకి మామూలుగా ఈసీఆర్ పాస్‌పోర్ట్ వస్తుంది. గల్ఫ్‌కో మలేషియాకో పనికి పోవాలంటే వాళ్లకి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. పది పాసైతే ఆ మెలిక ఉండదు. బడి మధ్యలో మానేసిన తమ్ముడికి ఓపెన్ స్కూల్ ద్వారా పది రాసే దారి రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. ఆ పుస్తకాలు ముందేసుకుని చదవడానికి ఊళ్లో ఒక చోటుంటే, రేపు ఏజెంట్ ముందు వాడి మాటకి విలువ పెరుగుతుంది. ఏజెంట్‌కి లైసెన్స్ ఉందో లేదో ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చన్న సంగతి కూడా నలుగురు పేపరు చదివే చోటే నోటికి నోటికి పాకుతుంది.

ఇక్కడి నుంచి మనం చెయ్యగలిగింది

మొదట, ఇంట్లో ఎవర్నైనా పోయి చూసి రమ్మనండి. లైబ్రరీ తెరిచి ఉందా, ఏ టైంలో తీస్తున్నారు, పేపర్లు ఎన్ని వస్తున్నాయి అని. చాలా లైబ్రరీలకి వారపు సెలవు శుక్రవారం. మీలో చాలామందికీ అదే సెలవు. అందుకని ముందురోజే చెప్పండి.

రెండోది, సెస్ ఎంత వసూలైంది, ఎంత జమ చేశారు అని గ్రామసభలో అడగమనండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద కాగితం పెట్టొచ్చు. గ్రామ స్థాయిలో దానికి ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

మూడోది, ఊరికి ఏదైనా చేద్దామని చందాలేసుకునేవాళ్లకి ఒక మాట. బిల్డింగ్ కట్టి పేరు చెక్కించడం ఒక్కరోజు పండగ. తర్వాత తాళం పడితే అడిగేవాడుండడు. అదే డబ్బుతో రెండు పేపర్లకి ఏడాది చందా, పోటీ పరీక్షల కొత్త పుస్తకాలు, కరెంటు బిల్లు చూసుకుంటే తలుపు తెరిచే ఉంటుంది. ఏ పుస్తకాలు కావాలో లైబ్రేరియన్‌నీ చదివే పిల్లల్నీ అడిగి కొనండి. ఇంట్లో అడ్డమున్న పాత పుస్తకాలు పంపడం వల్ల అల్మారా నిండుతుంది గానీ చదివేవాళ్లు రారు.

ఏటా నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. అధికారులు, సర్పంచ్ లైబ్రరీ వైపు వచ్చే రోజులవి. ఆ వారంలో మీ ఇంటి నుంచి ఒకరు రసీదు చేతిలో పట్టుకుని వెళ్లి "మేం కట్టిన 8 పైసలు ఎక్కడున్నాయి?" అని మర్యాదగా అడిగితే చాలు. పది ఇళ్ల నుంచి పదిమంది అడిగితే జవాబు చెప్పక తప్పదు.

మీ ఊరి లైబ్రరీ ఎలా ఉందో వాయిస్ మెసేజ్ పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో వినిపిస్తాం. జాగ్రత్తగా ఉండండి, ఎండలో నీళ్లు ఎక్కువ తాగండి.