తియ్యని నీటిలో ఫ్లోరైడు

బావినీటి మంచిచెడ్డలను నిర్ణయించుటకు మన పల్లెలలో పెద్దలకు రెండు పరీక్షలు కలవు. నీరు నోటికి తియ్యగా ఉండవలెను. అందులో కందిపప్పు త్వరగా ఉడకవలెను. మొదటి పరీక్ష ఉప్పునీటిని పట్టుకొనును. కాల్సియము, మెగ్నీషియము లవణములు అధికముగా గల కఠినజలమును రెండవది పట్టుకొనును. అనుభవమునుండి పుట్టిన ఈ పరీక్షలు చాలవరకు సరియైనవే. కాని ఈ రెంటికిని చిక్కని పదార్థమొకటి కలదు. అది ఫ్లోరైడు. చిత్రమేమనగా, రెండవ పరీక్షలో నెగ్గిన నీటిలోనే అది తరచుగా ఎక్కువగా ఉండును.

దీనికి కారణము శిలలలో ఉన్నది. నల్లగొండ ప్రాంతమున భూమి క్రింద ఉన్నవి చాలవరకు గ్రానైటు, నైసు రాళ్లు. వీనిలోని ఫ్లోరైటు, అపటైటు, నల్ల అభ్రకము అను ఖనిజములలో ఫ్లోరిన్ ఇమిడియుండును. వాననీరు పగుళ్లగుండ దిగి, ఏండ్ల తరబడి ఈ రాళ్లనంటి నిలిచినపుడు అది కొద్దికొద్దిగా ఫ్లోరైడు రూపమున నీటిలోనికి వచ్చును. నీటిలో కాల్సియము సమృద్ధిగా ఉన్నచో ఫ్లోరైడు మితిమీరదు. ఏలయన కాల్సియము ఫ్లోరైడు నీటిలో మిక్కిలి స్వల్పముగా మాత్రమే కరుగును. అయితే వర్షము తక్కువ, ఎండ ఎక్కువ అయిన చోట కాల్సియము సున్నపుగడ్డలుగా నేలలోనే పేరుకొనిపోవును. మిగిలిన నీరు సోడియము బైకార్బొనేటుతో కూడి క్షారగుణము పొందును. ఇక ఫ్లోరైడునకు అడ్డులేదు. పప్పు మెత్తగా ఉడుకుట కూడ కాల్సియము తగ్గుటచేతనే!

ప్రపంచారోగ్య సంస్థ త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని సూచించినది. భారతీయ ప్రమాణము 1 మి.గ్రా.; వేరు నీరు దొరకని చోట మాత్రమే 1.5 వరకు అనుమతించును. ఎండలో పొలముపని చేయువాడు రోజునకు నాలుగు లీటర్లు త్రాగుట వింత కాదు. లీటరునకు 4 మి.గ్రా. ఉన్న నీరైనచో 16 మి.గ్రా. అతని లోపలికి పోవును. పెద్దలలో ఇందు సుమారు సగము మూత్రముతో వెడలిపోవును. మిగిలినది దాదాపు అంతయు ఎముకలలో చేరును. ఎదుగు పిల్లలలో ఎముకలలో నిలుచు భాగము ఇంకను అధికము.

పంటి పింగాణి ఏర్పడుచున్న వయస్సులో, అనగా సుమారు 8 ఏండ్లలోపు, ఫ్లోరైడు అధికమైనచో పండ్లపై సుద్దవంటి మచ్చలు, గోధుమరంగు చారలు వచ్చును. పెద్దవానికి పండ్లు చెడవు; వెన్ను బిగియును. ఎముక దట్టమగును. కీళ్లను కట్టియుంచు తంతువులలో సైతము కాల్సియము పేరుకొని అవి గట్టిపడును. మెడ త్రిప్పుట, వంగుట కష్టమగును. ముదిరినచో వెన్నుపాము నొక్కుకొని కాళ్లు పడిపోవును. మన దేశమున ఈ ఫ్లోరోసిస్ వ్యాధిని 1937లో షార్టు మొదలగు వైద్యులు వర్ణించిరి. వారు చూచిన రోగులు ఆనాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లావారు.

సాధారణముగా ఈ వ్యాధి నేరుగా ప్రాణము తీయదు. అందుచేతనే కాబోలు, కలరావలె ఇది ఎన్నడును గగ్గోలు పుట్టించలేదు. నలుబది ఏండ్లకే నాగలి పట్టలేకపోయిన రైతు అరువది ఏండ్లు బ్రదికినచో ఆయుర్దాయపు లెక్కలలో లోటేమియు కనబడదు.

నీటిని మరిగించుటవలన ప్రయోజనము లేదు; నీరు ఆవిరియైన కొలది ఫ్లోరైడు చిక్కనగును. నాగపూరులోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థ 1970 దశకములో రూపొందించిన విధానమునకు నల్లగొండ పద్ధతి అని పేరు. నీటిలో సున్నము, పటిక వేసి కలియబెట్టి, తేరిన పిదప పైనీటిని వంచుకొనవలెను. అల్యూమినియము హైడ్రాక్సైడు తెట్టెలు ఫ్లోరైడును తమతో అడుగునకు దింపును. ఖర్చు స్వల్పమే. కాని నీటి గుణమునుబట్టి పాళ్లు మార్చుచు, అడుగున దిగిన మడ్డిని ఊరికి దూరముగా పారవేయుచు, ప్రతిదినము ఈ పని ఎవరు చేయుదురు? అందుచేత నదీజలమును శుద్ధిచేసి గొట్టములద్వారా ఇచ్చుటయే మేలైన మార్గము. తెలంగాణలో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము అట్టిది. అయితే ఒకసారి బిగిసిన వెన్ను నీరు మారినంతమాత్రమున సడలదు. ఆ నీటి మేలు ముఖ్యముగా పిల్లలకు, ఇక పుట్టబోవువారికి.

గొట్టపునీరు రాని దినమున జనులు మరల బోరు చెంతకే పోవుదురు. ఆ బోరు నీరెట్టిదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష ఒకటి కలదు. జిర్కోనియము, అలిజరిన్ కలిపిన ఎఱ్ఱని ద్రవమును నీటిలో కొలత ప్రకారము వేసినచో, ఫ్లోరైడు హెచ్చినకొలది ఎఱుపు విరిగి పసుపు రంగు తేలును. ఒకే ఊరిలో ఒక బోరు నీట ఎఱుపు నిలిచి, ప్రక్క వీధి బోరు నీట పసుపు తేలుట అరుదు కాదు.