ఫోన్ తుడిచే గుడ్డే క్రిముల్ని చేతులకి అంటిస్తే?

భావనపాడులో మా ఇంట్లో ఆరు ఫోన్లున్నాయి. వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తున్న సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని కదా, వాటి బాగోగులన్నీ నావే. రోజూ రాత్రి ఆరింటినీ వరసగా పెట్టి ఒకే మైక్రోఫైబర్ క్లాత్‌తో తుడిచేవాణ్ణి. ముందు అమ్మది, ఎందుకంటే ఒడ్డున చేపలమ్మే చేత్తోనే పేమెంట్ వచ్చిందో లేదో చూసుకుంటుంది. "ఏటిరా, సేపల సెయ్యి తగిల్తే ఫోను సచ్చిపోద్దా?" అనేది.

మొన్న వానల్లో అన్నయ్యకి కడుపు చెడింది. మర్నాటికి వాళ్ల ఏడాదిన్నర గుంటడికి వాంతులు, విరేచనాలు. ఒళ్లంతా వాడిపోతే టెక్కలి తీసుకెళ్లి సెలైన్ పెట్టించాం. వాడు కార్టూన్లు చూసేది అన్నయ్య ఫోన్లోనే, చూస్తూ అంచుని నోట్లో పెట్టుకుంటాడు. తప్పు ఫోన్‌దే అనను, అది నీళ్ల వల్ల కూడా కావచ్చు. కానీ నా చేతిలోని క్లాత్ మీద అనుమానం మొదలైంది.

బ్రిటన్‌లో 2004లో నోరోవైరస్ మీద ఒక ప్రయోగం చేశారు. వాంతులు, విరేచనాలు తెప్పించే వైరస్ అది. అది అంటిన వేళ్లతో ముట్టుకుంటూ పోతే, వరసగా ఏడు శుభ్రమైన ఉపరితలాల దాకా పాకింది. అసలు సంగతి ఆ తర్వాతుంది. డిటర్జెంట్‌తో గుడ్డ పెట్టి కంటికి శుభ్రంగా కనిపించేదాకా తుడిచినా వైరస్ పోలేదు. పైగా తుడిచినవాళ్ల చేతులకి ఎక్కి, అక్కణ్ణుంచి వేరే చోట్లకి చేరింది. నేను రోజూ రాత్రి చేసిందీ అదే! ఒక ఫోన్‌మీది మురికిని మిగతా అయిదింటికీ పంచిపెట్టడం.

2011లో లండన్ శాస్త్రవేత్తలు 12 నగరాల్లో 390 నమూనాలు తీస్తే, ఆరింట ఒక ఫోన్ మీద ఈ-కొలై దొరికింది. అది మలం నుంచి వచ్చే బ్యాక్టీరియా. గుడ్డకంటే నున్నటి గాజు నుంచి క్రిములు వేలికి సులువుగా అంటుకుంటాయి, గాలిలో తేమ ఉంటే ఇంకా ఎక్కువ. మా సముద్రపు ఒడ్డున తేమకి కొరవా?

అలాగని ప్రతి జబ్బునీ ఫోన్ నెత్తిన రుద్దకండి. కోవిడ్ విషయంలో, వైరస్ ఉన్న ఉపరితలాన్ని ఒకసారి తాకితే జబ్బు అంటే అవకాశం పదివేలలో ఒకటి కంటే తక్కువని అమెరికా సీడీసీ 2021లో చెప్పింది. కడుపు జబ్బుల లెక్క వేరు. అవి చెయ్యి నుంచి నోటికే వెళ్తాయి.

మరి దేంతో తుడవాలి? 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. 99 శాతం ఇంకా బాగా పనిచేస్తుందనుకుంటారు, కాదు. క్రిముల ప్రోటీన్లు చెడాలంటే కాస్త నీళ్లు కావాలి, పైగా ప్యూర్ ఆల్కహాల్ చటుక్కున ఆరిపోతుంది. ముందు కొంచెం తడిపిన గుడ్డతో జిడ్డు తీసి, ఆ గుడ్డని పక్కన పడేసి, వేరే గుడ్డకి ఆల్కహాల్ పట్టించి, స్క్రీన్ అరనిమిషం తడిగా ఉండేలా తుడవండి. ఫోన్ మీద నేరుగా స్ప్రే చెయ్యొద్దు. ఐపీ68 ఉంది కదా అని ధీమా వద్దు, ఆ టెస్ట్ చేసేది మంచినీళ్లలో. ఆపిల్ కూడా 2020 మార్చిలో 70 శాతం ఆల్కహాల్ వైప్స్‌కి ఓకే చెప్పింది, బ్లీచ్ మాత్రం వద్దంది. అతిగా రుద్దితే వేలిముద్రలు పడకుండా ఆపే ఓలియోఫోబిక్ కోటింగ్ అరిగిపోతుంది. అందుకే టెంపర్డ్ గ్లాస్ వేసుకోండి, అరిగితే అదే అరుగుతుంది. యూవీ బాక్సులా? వెలుతురు పడని మూలల్ని అవేం చెయ్యలేవు, నేనైతే కొనను.

చిక్కేంటంటే, నోరోవైరస్ ఆల్కహాల్‌కి సరిగా లొంగదు. సబ్బుతో చేతులు కడుక్కోవాల్సిందే. ఫోన్ శుభ్రం చేసి, కడగని చేత్తో పట్టుకుంటే మొదటికొస్తుంది.

ఇప్పుడు మా ఇంట్లో ఫోన్‌కో గుడ్డ, వారానికోసారి వేన్నీళ్లలో ఉతుకుడు. గుంటడి చేతికి ఫోన్ ఇచ్చేముందు అన్నయ్య చేతులు కడుక్కుంటున్నాడు. అమ్మ ఫోన్‌కి పడవల్లో వాడే వాటర్‌ప్రూఫ్ పౌచ్ కొన్నాను. సాయంత్రం ఫోన్ బయటికి తీసి, పౌచ్‌ని సబ్బుతో కడిగి దండెం మీద ఆరేస్తుంది. టచ్ బాగానే పనిచేస్తోంది, కెమెరా కాస్త మసక. ఫింగర్‌ప్రింట్ మాత్రం పౌచ్ మీంచి పట్టట్లేదు, పిన్ కొట్టాలి. దానికి అమ్మ ఇంకా విసుక్కుంటూనే ఉంది.