సగటు వేగము - త్వరణము

వికారాబాదు నుండి తాండూరునకు పోవు రైలులో, చేతి గడియారమును చూచుకొనుచు కిటికీ ప్రక్కన కూర్చుండిన వారికి భౌతికశాస్త్రములో రెండు పాఠములు టిక్కెట్టు ధరకే లభించును. 1874లో ప్రారంభమైన వాడి - సికింద్రాబాదు మార్గములోని భాగమిది. దూరము రమారమి 40 కిలోమీటర్లు.

ఒక బండి ఈ దూరమును గంటకు 60 కిలోమీటర్ల వడితో పోయి, 30 కిలోమీటర్ల వడితో తిరిగి వచ్చినదనుకొందము. సగటు వడి యెంత? తడుముకొనక 45 అనువారే పెక్కుమంది. లెక్కలలో ఆరితేరిన పెద్దలును ఇచ్చట జారిపడుట కలదు. పోవుటకు పట్టినది 40 నిమిషములు. వచ్చుటకు 80 నిమిషములు. రెండు గంటలలో నడచినది 80 కిలోమీటర్లు. కావున సగటు 40 మాత్రమే. బండి మెల్లగా నడచిన కాలమే హెచ్చు గనుక సగటు ఆ వైపునకు మొగ్గినది. మొత్తము దూరమును మొత్తము కాలముచే భాగింపవలెను. నడుమ స్టేషనులలో నిలిచిన నిమిషములును ఆ కాలములో చేరును.

వడి వేరు, వేగము వేరు. వేగమునకు దిక్కు కూడ ఉండవలెను. సగటు వేగమునకు లెక్కించునది నడచిన దారిని కాదు, బయలుదేరిన చోటి నుండి చేరిన చోటికి గల స్థానభ్రంశమును. వికారాబాదునకే తిరిగి వచ్చిన బండికి స్థానభ్రంశము సున్న. సగటు వేగమును సున్నయే! రెండు వైపులకు టిక్కెట్టు కొనినవాడు దీనికి నవ్వవచ్చును గాని, శాస్త్రము మాట అంతే.

ఇక త్వరణము. ఒక్కొక్క సెకనునకు వేగము ఎంత మారినదో తెలుపునది త్వరణము; వేగము తగ్గునప్పుడు దానినే ఋణ త్వరణమందుము. గేటు వేసియుండగా క్రింది నుండి సైకిలు దూర్చుకొని పట్టాలు దాటువారు ఈ లెక్కను తప్పక వినవలెను. గంటకు 72 కిలోమీటర్లనగా సెకనునకు 20 మీటర్లు. బ్రేకు వేసిన పిదప ప్రతి సెకనునకు అర మీటరు చొప్పున వేగము తగ్గినచో, బండి ఆగుటకు 40 సెకనులు పట్టును. తగ్గుదల ఒకే తీరుగా ఉన్నందున ఇచ్చట మాత్రము మొదటి, తుది వేగముల సగటు చెల్లును: సెకనునకు 10 మీటర్లు. అనగా బండి 400 మీటర్లు పోయి గాని నిలువదు. ఉక్కు పట్టాలపై ఉక్కు చక్రమునకు పట్టు స్వల్పము. డ్రైవరును నిందించి ఫలము లేదు.

అదే బండి సగము వేగముతో వచ్చుచున్నచో 20 సెకనులలో, 100 మీటర్లలో ఆగును. వేగము రెట్టింపైనచో దూరము నాలుగింతలగునన్నమాట. డ్రైవరు మనిషిని చూచి బ్రేకుపై చేయి వేయులోపల రెండు సెకనులు గడచినను, మరి 40 మీటర్లు పోవును. దానిని పై లెక్కలో చేర్చలేదు.