చుట్టుతోవలో ఎలక్ట్రాన్లు

కొండవీడు రెడ్డిరాజుల రాజధాని. పెదకోమటి వేమారెడ్డి కొలువులో శ్రీనాథ మహాకవి విద్యాధికారిగా వెలుగొందిన చోటు. ఆ దుర్గం మీద నేటికీ చెరువులు ఉన్నాయి. నిశ్చలమైన చెరువు నీటిలో రెండు రాళ్లను ఒకేసారి వేర్వేరు చోట్ల వేస్తే, రెండు అలల వలయాలు విస్తరించి కలుసుకుంటాయి. శృంగం మీద శృంగం పడినచోట నీరు రెట్టింపు ఎత్తుకు లేస్తుంది. శృంగం ద్రోణితో కలిసినచోట నీరు కదలక నిలుస్తుంది. దీనినే వ్యతికరణం అంటారు. నీటికి, ధ్వనికి, కాంతికి ఉన్న ఈ తరంగ ధర్మం ఎలక్ట్రాన్‌కు కూడా ఉన్నదని 1927లో డేవిసన్, జెర్మర్ల ప్రయోగం నిరూపించింది.

లోహంలో విద్యుత్తు ప్రవహించడమంటే ఎలక్ట్రాన్లు కదలడమే. కంపించే పరమాణువులు, మాలిన్యాలు వాటిని అడ్డగిస్తాయి. ఈ అడ్డంకి వల్ల ఏర్పడేదే విద్యుత్ నిరోధం. లోహాన్ని చల్లబరిస్తే పరమాణువుల కంపనం తగ్గుతుంది, నిరోధమూ తగ్గుతుంది. మందమైన తీగకు ఈ సూత్రం సరిపోతుంది. అయితే కుడి ఎడమలకు, ముందు వెనుకలకు తప్ప పైకీ కిందికీ కదలలేని పలుచని పొరలో ఎలక్ట్రాన్లు చిక్కుకుంటే ఏమవుతుంది? సిలికాన్ ట్రాన్సిస్టర్‌లో సిలికాన్‌కూ, దానిపైని ఆక్సైడ్‌కూ నడుమ ఏర్పడేది అటువంటి పొరే. దీనిని ద్విమితీయ ఎలక్ట్రాన్ వ్యవస్థ అంటారు.

కొండను చుట్టివచ్చే ఒక బాటను ఊహించుకుందాం. ఒకే ద్వారం నుండి ఇద్దరు బయలుదేరి, ఒకరు కుడివైపుగా, మరొకరు ఎడమవైపుగా నడిచి తిరిగి ఆ ద్వారాన్నే చేరుకుంటారు. ఇద్దరూ నడిచిన దూరం ఒక్కటే. మాలిన్యాల నడుమ తిరుగాడే ఎలక్ట్రాన్ విషయంలో, ఒకే తరంగం ఈ రెండు దిశలలోనూ ఏకకాలంలో పయనిస్తుంది. దూరాలు సమానం కనుక బయలుదేరిన చోట శృంగం శృంగంతోనే కలుస్తుంది. తరంగ తీవ్రత దాని ఎత్తు వర్గాన్ని అనుసరిస్తుంది. ఒక్కొక్క అల ఎత్తు 1 అనుకుంటే, విడివిడిగా లెక్కించినపుడు మొత్తం తీవ్రత 2. కలిసినపుడు 2 వర్గం, అంటే 4. కాబట్టి ఎలక్ట్రాన్ మొదటిచోటికే తిరిగివచ్చే సంభావ్యత రెట్టింపవుతుంది. వెనుదిరిగిన ఎలక్ట్రాన్ విద్యుత్తును ముందుకు మోయదు. చలి పెరిగేకొద్దీ అలల పొందిక చెదరక మరింత దూరం నిలుస్తుంది; ఇంకా పెద్ద చుట్టుతోవలు లెక్కలోకి వస్తాయి. అందువల్ల చల్లబరిస్తే తగ్గవలసిన నిరోధం కొద్దికొద్దిగా పెరుగుతుంది. దీనిని దుర్బల స్థానీకరణం అంటారు.

ఇందులో పొర పలుచదనానికి ప్రధానపాత్ర ఉంది. దిక్కు తెలియక తిరిగే బాటసారి సమతలం మీదనైతే ఎప్పటికైనా బయలుదేరిన చోటికి తప్పక వస్తాడని, మూడు మితులలోనైతే రాకపోవచ్చునని 1921లో జార్జ్ పోల్యా నిరూపించాడు. సమతలంలో చుట్టుతోవలకు కొదువ లేదు.

క్రమరాహిత్యం మితిమీరితే ఎలక్ట్రాన్ తరంగం ఒకచోటనే బందీ అవుతుందని 1958లో ఫిలిప్ ఆండర్సన్ ప్రతిపాదించాడు. 1979లో ఆయన, ఏబ్రహామ్స్, లిచియార్డెల్లో, భారతీయుడైన టి.వి. రామకృష్ణన్ కలిసి ఒక వ్యాసం ప్రకటించారు. మాలిన్యం ఎంత స్వల్పమైనా, పరమశూన్య ఉష్ణోగ్రత వద్ద ద్విమితీయ పొర అసలైన లోహంగా ఉండజాలదని దాని సారాంశం. రామకృష్ణన్ అనంతరకాలంలో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్యులుగా పనిచేశారు. ఆ సంవత్సరమే డోలన్, ఓషరాఫ్ బంగారం, పెల్లాడియం మిశ్రమపు పలుచని పొరలలో చలితోపాటు నిరోధం పెరగడం గమనించారు.

ఈ పెరుగుదలకు వ్యతికరణమే కారణమని తెలుసుకొనేదెలా? పొరకు లంబంగా స్వల్ప అయస్కాంత క్షేత్రాన్ని ప్రయోగిస్తే, ఎదురెదురుగా తిరిగే రెండు అలల దశలు భిన్నంగా మారి వాటి పొందిక చెడుతుంది. పెరిగిన నిరోధం తగ్గుతుంది. ఆ తగ్గుదలను కొలిచి, ఎలక్ట్రాన్ తన తరంగ స్వభావాన్ని ఎంతదూరం నిలుపుకొంటుందో శాస్త్రజ్ఞులు లెక్కకడతారు.

అయితే 1994లో క్రావ్‌చెంకో బృందం మిక్కిలి శుద్ధమైన సిలికాన్ పొరలను చల్లబరిచినపుడు నిరోధం బాగా పడిపోయింది. 1979 నాటి లెక్కలో ఎలక్ట్రాన్లు పరస్పరం వికర్షించుకోవడం చేరలేదు. ఆ వికర్షణ బలీయమైనపుడు, పరమశూన్యం వద్ద పొర లోహంగానే నిలుస్తుందా, విద్యుద్బంధకంగా మారుతుందా అనే ప్రశ్నకు సర్వసమ్మతమైన సమాధానం నేటికీ లభించలేదు.