చింతపండు కాడ పొదుపు.. మిత్తి కాడ దుబారా

మా అమ్మ చింతపండును ఒక్కసారి పిసికి పారేయదు. పొద్దుగాల చారుకు పిసికిన పిప్పిని గిన్నెల్నే ఉంచి, మాపటికి పులుసుకు ఇంకోసారి పిసుకుతది. పప్పు ముప్పావు ఉడకంగనే పొయ్యి బందువెట్టి మూత పెడ్తది, మిగిలింది ఆ వేడికే ఉడుకుతది. బియ్యం కడిగిన నీళ్లు బర్రె కుడితిల పోస్తది. మేం అర్రల నుంచి అడుగు బయట పెట్టంగనే ఫ్యాన్ బందయితది. అంగట్ల టమాట కిలో 40 అంటే, పొద్దూకేదాక తిరిగి 25కు తెస్తది.

నాకు ఇదంత పిసినారితనం లెక్క కనవడేది. "పదిహేను రూపాల కోసం గంటసేపు తిరుగుతవా అమ్మా" అని మస్తుసార్లు కొట్లాడిన. నేను బీకాం చదివిన. టౌన్ల ఒక దుకాణంల లెక్కలు రాసే నౌకరి చేస్తున్న. పొదుపంటే ఏందో నాకు తెలుసనుకున్న. ఒక రాత్రి తెలిసింది, మా ఇంట్ల పొదుపు చేసేది ఆమె ఒక్కతే, పోగొట్టేది మేం ఇద్దరం మొగోళ్లమని.

ఆ సంగతి చెప్తా. ఎందుకంటె ఇది మా ఒక్క ఇంటి ముచ్చట కాదు.

నోటు తిరగరాద్దామని వచ్చిండు

రెండున్నరేండ్ల కింద యాసంగిల మా బోరు మోటర్ కాలిపోయింది. వరి పొట్టకొచ్చి ఉన్నది, నీళ్లు లేకుంటె వారంల ఎండిపోతది. కొత్త మోటర్, కేబులు, పైపులు, దించిన కూలి అంత కలిపి 50 వేలు అయినయ్. బాపు ఊర్ల ఒకాయన దగ్గర నూటికి మూడు రూపాల మిత్తికి తెచ్చిండు. నోటు రాసిచ్చిండు. నాకు చెప్పిండు, అమ్మకు చెప్పలే. "ఆమెకు బుగులు ఎక్కువ, నిద్రవోదు" అన్నడు. నేను సరే అన్న. పంట చేతికొచ్చినంక కట్టేస్తం గద అనుకున్నం. పంట వచ్చింది, ఎరువుల దుకాణం బాకీకి పోయింది. తెల్లారి పత్తి వచ్చింది, చెల్లె కాలేజీ ఫీజుకు పోయింది. నోటు అట్లనే ఉన్నది.

మొన్న ఆయన ఇంటికొచ్చి అరుగు మీద కూసున్నడు. మెల్లగనే మాట్లాడిండు. "అసలు 50 వేలు, 30 నెలల మిత్తి 45 వేలు. మొత్తం 95 వేలు. ఇప్పుడు కట్టుమంటలేను. 95 వేలకు కొత్త నోటు రాద్దాం" అన్నడు.

కొత్త నోటు ఎందుకో ముందుగాల చెప్తా. నోటు రాసిన దినం నుంచి మూడేండ్ల లోపల్నే దాని మీద కోర్టుకు పోవాలె. అందుకే మూడేండ్లు నిండకముందే తిరగరాయించుకుంటరు. తిరగరాసినప్పుడు పాత మిత్తి అసల్ల కలుస్తది. ఆడికెల్లి మిత్తికి మిత్తి మొదలైతది.

అమ్మ అప్పుడే పాలు పోసి పాలకేంద్రం నుంచి వస్తున్నది. గేటు కాడ నిలవడి మొత్తం ఇన్నది.

మూడు పెద్దదా, పన్నెండు పెద్దదా

నేను చదువుకున్నోన్ని గద, నా తెలివి చెప్తా. బాపు అప్పు తెచ్చిన దినం నేను ఏమనుకున్ననంటే, "బ్యాంకోళ్లు పన్నెండు శాతం అంటరు, ఈయన మూడే గద, నయమే" అని. బీకాం చదివిన నా మతి ఇది.

బ్యాంకు చెప్పేది సాలు లెక్క. ఊర్ల చెప్పేది నెల లెక్క. నూటికి మూడు రూపాలంటే నెలకు మూడు. పన్నెండు నెలలకు 36. అంటే సాలుకు 36 శాతం. రెండు రూపాలంటే 24 శాతం. రూపాయి మిత్తంటే 12 శాతం. పంట రుణం 3 లక్షల దాక సాలుకు 7 శాతం, చెప్పిన టైముకు కడితే 4 శాతమే పడుతది. నాలుగు కంటె మూడు చిన్నగనే కనవడుతది, కని లెక్క కడితే తొమ్మిది రెట్లు పెద్దది.

ఇంకో తీరుగ చూడుండ్రి. 50 వేలకు మూడు రూపాల మిత్తంటే నెలకు 1,500. అంటే దినాం 50 రూపాలు. వాన పడినా 50, పండుగైనా 50, మనం పండుకున్నా 50. 34 నెలల్ల మిత్తే అసలును దాటిపోతది. 95 వేలకు తిరగరాస్తే నెలకు 2,850, దినాం 95 రూపాలు.

అమ్మ చింతపండు, గ్యాసు, టమాట, కరెంటు అన్నీ కలిపి ఎంత మిగిలిస్తదో నేను తర్వాత లెక్క గట్టిన. మంచి దినం దినానికి ఇర్వై రూపాలు. ఆమె ఒక చేత్తోని ఇర్వై మిగిలిస్తుంటే, ఆమెకు తెల్వకుండ ఇంకో దిక్కు యాభై పోతనే ఉన్నయ్. టమాటకు 40 పెడితే చేతిల నుంచి నోటు పోయినట్టు కనవడుతది. మిత్తి ఎవలకూ కనవడది, పైసలు ఇస్తలేం గద. నోటు తిరగరాసే దినమే కనవడుతది.

అమ్మ ఏమన్నదంటే

ఆయన పోయినంక కొట్లాటయితదని బాపు, నేను తల వంచుకొని కూసున్నం. అమ్మ ఏడ్వలే, ఒర్రలే. గిన్నెలు కడుక్కుంటనే అన్నది: "నేను పూటకో రూపాయి మిగిలిచ్చుకుంట వస్తున్న. మీరు దినాం యాభై పోగొట్టుకుంట వచ్చిన్రు. మోటర్ కాలిన్నాడే నాకు చెప్తే సంఘంల ఎత్తుకుందును గద."

నిజమే. అమ్మ పదిహేనేండ్ల సంది మహిళా సంఘంల ఉన్నది. నెలనెల పొదుపు కడుతది. బ్యాంకు సంఘానికి ఇచ్చే అప్పుల ఆమె పాలు ఎన్నడూ పూరాగ వాడుకోలే, అక్కర లేదు గదా అని. ఇంట్ల అక్కర ఉన్నదని మేం చెప్తే గద ఆమెకు తెలిసేది!

ఇండ్లల్ల ఏమైతున్నదంటే, పొదుపు ఆడోళ్ల పని, అప్పు మొగోళ్ల పని అయి కూసున్నది. మిగిలిచ్చేటోళ్లకు అప్పు తెల్వది, అప్పు తెచ్చేటోళ్లకు మిగిలిచ్చుడు తెల్వది. కుండకు కింద బొక్క ఉన్నదని తెల్వకుంటె పైనుంచి ఎన్ని నీళ్లు పోస్తే ఏం ఫాయిద?

మేం ఏం చేసినం

ఆ రాత్రే ఒక నోట్‌బుక్ తీసినం. ముందుగాల ఖర్చులు రాయలే. బాకీలు రాసినం. ఎవలికి, ఎంత, ఎంత మిత్తి, సాలు లెక్కన ఎంత శాతం. ఎరువుల దుకాణం, కిరాణం ఉద్దెర, చెల్లె ఫీజు, నా బండి, నా ఫోన్, అన్నీ. ఎక్కువ మిత్తిది మీద, తక్కువది కింద. మీద ఉన్నది మోటర్ అప్పే.

అమ్మ సంఘంల 95 వేలు ఎత్తింది. 12 శాతం లెక్కన 36 నెలల కిస్తీ. నెలకు సుమారు 3,155 పడుతది. మూడేండ్లకు మొత్తం మిత్తి 18,600 లోపే. అదే 95 వేలకు నోటు తిరగరాసి మూడేండ్లు కట్టకుండ ఉంచితే, మిత్తే 1,02,600 అయ్యేది. అసలు అట్లనే ఉండేది. ఇప్పుడు పదిహేను దినాలకోసారి వచ్చే పాల బిల్లుల నుంచి సగం, నా జీతంల నుంచి సగం కిస్తీకి పోతున్నది. ఆయన పైసలు ఆయనకు ఇచ్చి, పాత నోటు మా చేతికి తీసుకొని చింపేసినం. ఇది మర్వకుండ్రి. అప్పు కట్టినంక నోటు వాపస్ తీసుకోవాలె.

ఒక మాట జాగ్రత్త. సంఘం అప్పు చవ్కగ వస్తదని టీవీకో, ఫంక్షన్‌కో ఎత్తితే ఉన్న దారి కూడ మూసుకపోతది. మనం కిస్తీ ఎగ్గొడితే తోటి సంఘపోళ్లందరికీ అప్పు పుట్టది. పెద్ద మిత్తిని చిన్న మిత్తితోని తీర్చెతందుకే అది అక్కరకొస్తది.

ఇగ నా దుబారా

బాకీల లిస్టుల నా బండి రెండో జాగల ఉండె. షోరూంల "12 శాతమే" అన్నరు. 60 వేల ఫైనాన్స్, 24 నెలలు, కిస్తీ 3,100. లెక్క చూడుండ్రి: సాలుకు 7,200 చొప్పున రెండేండ్లకు 14,400 మిత్తి, అసల్ల కలిపి 74,400, దాన్ని 24 తోని భాగించిన్రు. కని నేను నెలనెల అసలు కొంత కడుతనే ఉన్న. ఏడాది అయినంక నా మీద ఉన్నది సగానికి అటిటు. అయినా మిత్తి మాత్రం చివరిదాక పూరా 60 వేల మీదనే. దీన్నే ఫ్లాట్ రేటంటరు. బ్యాంకు తీరుగ, తగ్గుతున్న అసలు మీద లెక్క గడితే అది 12 కాదు, ఇంచుమించు 21న్నర శాతం.

బండి కొనుడు తప్పనను. బండి లేకుంటె నౌకరికి పోలేను. ధర అడగకపోవుడే తప్పు. టమాట ధర నాలుగు జాగల అడిగే అమ్మను నేను నవ్విన గని, 60 వేల అప్పు ధర ఒక్క జాగల కూడ అడగలే.

ఇప్పుడు అడిగెతందుకు మనకు హక్కున్నది. 2024 అక్టోబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంకు కింద ఉన్న బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు కొత్తగ ఇచ్చే ఇసోంటి అప్పులకు ఒక కాగితం ఇయ్యాలె, మనకు సమజయ్యే భాషల. అన్ని ఫీజులు కలిపి సాలుకు అసలు ఎంత శాతం పడుతదో అందుల ఉంటది. దాన్ని ఏపీఆర్ అంటరు. "కిస్తీ ఎంత" అని కాదు, "ఏపీఆర్ ఎంత" అని అడుగుండ్రి. ఫోన్ మీద "జీరో మిత్తి" అన్నా సరే, ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ, నగదుకు ఇచ్చే డిస్కౌంటు పోవుడు, మూడూ కలిపి చూడుండ్రి. ఏడు దినాల లోన్ యాప్‌ల జోలికి అసలే పోకుండ్రి. ముందుగాలనే ఫీజు కోసుకొని, చేతికి తక్కువ ఇచ్చి, పూరా అడుగుతరు.

మిగిలింది యాడ పెట్టాలె

బొక్క మూసినంక అమ్మ పొదుపు మా కండ్లకు ఆనింది. మా దగ్గర రేషన్ కార్డు ఉన్నోళ్లకు గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల దాకనే జీరో బిల్లు. దాటితే ఆ నెల బిల్లు నెత్తిన పడుతది. పోయినేడు ఎండకాలం కూలర్ వెట్టి దాటించింది నేనే. ఈసారి ప్రతి ఆదివారం మీటర్ చూసి క్యాలెండర్ మీద రాస్తున్నం, వారానికి 45 యూనిట్లు దాటద్దని. కిరాణం ఊర్ల ఉద్దెర బందువెట్టి, నెలకోసారి టౌన్ల నగదుకు తెస్తున్నం. అమ్మకు ఆర్టీసీ బస్సుల టికెట్ లేదు, ఆమెనే పోయి బేరం చేసుకొస్తది. నేను పోతే నన్ను ముంచుతరని ఆమె నమ్మకం.

ఇట్ల మిగిలిన పైసలకు వేరే బ్యాంకు ఖాత పెట్టినం. దానికి యూపీఐ పెట్టలే, ఏటీఎం కార్డు అమ్మ బియ్యం డబ్బల ఉన్నది. దాని పేరు మోటర్ ఖాత. మోటర్ కాలుడు అనుకోని ఖర్చు అంటం గని, రెండు మూడేండ్లకోసారి కాలుతనే ఉంటది. కాలేజీ ఫీజు ప్రతి ఏడు వస్తనే ఉంటది. వచ్చుడు ఖాయమైనదానికి నెలకు 500 పక్కన పెడితే, ఆ దినం ఎవల అరుగు మీదా కూసునే పని ఉండది.

అమ్మ ఇప్పటికీ చింతపండు రెండుసార్లే పిసుకుతున్నది. నేను నవ్వుతలేను. నెలాఖరుకు బాపు నోట్‌బుక్ చదువుతడు, అమ్మ ఇంటది, చెల్లె కూడిక చేస్తది. పోయిన నెల నా బేకరి ఖర్చు చదివినప్పుడు ముగ్గురూ నా దిక్కు చూసిన్రు.

చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఒక్కటే చెప్తా. పొదుపు చిట్కాల వీడియోలు తర్వాత చూడొచ్చు. ఇయ్యాల రాత్రి బువ్వ తిన్నంక ఇంట్ల అందరినీ కూసోవెట్టి, "మనం ఎవలెవలికి ఎంత బాకీ ఉన్నం, ఎంత మిత్తికి" అని అడుగుండ్రి. అడుగుడు కష్టమే. బాపు మొకం చిన్నగయితది, మీది కూడ అయితది. అయినా అమ్మ ముందటనే అడుగుండ్రి.