ఎండ ముదిరినా జొన్న ఎందుకు నిలబడుతుంది?

భూమి వేడెక్కితే ముందుగా దెబ్బ తగిలేది, ఆ వేడికి పెద్దగా కారణం కానివాళ్లకే. అలాస్కాలోని న్యూటాక్ ఊరి కింద ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉన్న నేల కరిగి, ఏటి ఒడ్డు కోసుకుపోయింది. అక్కడి యూపిక్ జనం 2019 నుంచి మెర్టార్విక్ అనే కొత్త చోటికి తరలిపోయారు. మన సంగారెడ్డి జిల్లాలో మంచు లేదు. కానీ జహీరాబాద్ వైపు వానను నమ్ముకున్న మెట్ట చేలున్నాయి. వాన అదను తప్పితే అక్కడి చిన్న రైతుకు తిండికే కష్టం.

పూత వేళ వేడి 35 డిగ్రీలు దాటితే వరిలో తాలు పెరుగుతుంది. జొన్న, సజ్జ ఆకులైతే కార్బన్ డయాక్సైడును లోపల పోగుచేసుకుంటాయి. అందుకే ఆకు రంధ్రాలు ఎక్కువగా తెరవనక్కర్లేదు, నీరు ఆదా అవుతుంది. 1972లో పటాన్‌చెరులో మొదలైన ఇక్రిశాట్ పరిశోధన సంస్థ ఈ పంటల మీద పరిశోధిస్తోంది. 2019లో ఈక్వేటర్ బహుమతి పొందిన జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) మహిళా సంఘాల రైతులు విత్తనాల్లో బూడిద, వేపాకు కలిపి, బుట్టల్లో పోసి, మట్టితో అలికి దాస్తారు.

బోరు వేసి వరి పండిస్తే దిగుబడి ఎక్కువ కదా అంటారు. నీళ్లున్న ఏడాది నిజమే. రాతినేలలో బోరు ఎండితే మిగిలేది అప్పే. జొన్న, కంది, కొర్ర కలిపి వేస్తే ఒకటి పోయినా మరొకటి దక్కుతుంది. అయితే చిరుధాన్యాలు వేడిని తట్టుకుంటాయే గాని తగ్గించలేవు. తగ్గించాల్సిన బాధ్యత పొగ ఎక్కువగా వదిలే ఫ్యాక్టరీలది, నగరాలది, ధనిక దేశాలది.